కావలెను: దిల్‌సుఖ్‌నగర్‌కు ఒక ఆర్థికవేత్త

2024 డిసెంబర్ 30న తెలంగాణ శాసనసభ ప్రత్యేకంగా కొలువుదీరింది. నాలుగు రోజుల ముందు కన్నుమూసిన మన్మోహన్ సింగ్‌కు భారతరత్న ఇవ్వాలని తీర్మానం చేసింది. తెలంగాణ ఇచ్చిన ప్రధాని కాబట్టి హైదరాబాదులో ఆయన విగ్రహం పెడతామని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ప్రకటించారు. బాగుంది. ఎక్కడ పెడతారయ్యా అంటే ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోనట.

ఆర్థికవేత్త కాబట్టి ఆర్థిక జిల్లా. ఈ తర్కం ఎవరి బుర్రలో పుట్టిందో గానీ, ఇదే పద్ధతి పాటిస్తే రేపు ఏ నీటిపారుదల ఇంజనీరు విగ్రహాన్నో హుస్సేన్‌సాగర్ నడుమ నిలబెట్టాలి. అక్కడ ఇప్పటికే బుద్ధుడున్నాడు కాబట్టి బతికిపోయాం.

అసలు ఆ అద్దాల మేడల మధ్య ఆయన్ను పలకరించేదెవరు? క్యాబులో కూర్చుని ఫోనులోకి తల దూర్చినవాడు కిటికీ బయటికి చూడడు. కంపెనీ బస్సు దిగినవాడికి మెడలో ట్యాగు తగిలించుకోవడానికే తీరిక ఉండదు. మెట్రో రాయదుర్గంలో ఆగిపోతుంది. అక్కడి నుంచి ఆటో మాట్లాడుకుని మన్మోహన్ దర్శనానికి పోయే భక్తుడు ఇంకా పుట్టలేదు. పడమటివాళ్ల జీతం చీటీలో ఆయన ఎప్పుడో కలిసిపోయాడు, ఇది ఎవరి పుణ్యమని అడిగే అవసరం వాళ్లకు లేదు. తూర్పున మా దగ్గర అలా కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయన సిలబస్‌లో ఉన్నాడు. తెల్లారి టిఫిన్ కూడా తినని పిల్లల నోటుపుస్తకాల్లోకి రోజూ ఎక్కుతున్నాడు. కనుక ఆ విగ్రహం మాకు ఇవ్వాలి.

నమ్మకం లేకపోతే చైతన్యపురి మెట్రో స్టేషన్ మెట్లు దిగి, కింద ఒక్క పిల్లరును చూడండి. "బాయ్స్ హాస్టల్, మూడు పూటలా భోజనం, ఆదివారం చికెన్, వైఫై" అన్న కాగితం మీద "డీఎస్సీ స్పెషల్ బ్యాచ్" అంటించి ఉంటుంది. దాని మీద "బ్యాంక్ పీవో క్రాష్ కోర్సు". దాని మీద "ఆపరేషన్ లేకుండా పైల్స్‌కు చికిత్స". ఈ నాలుగూ ఒకే మనిషికి, ఇదే వరసలో అవసరపడతాయన్న సంగతి మైదా డబ్బా పట్టుకుని తిరిగేవాడికి ఎరుకే.

పైన మూడో అంతస్తులో క్లాసు నడుస్తుంటుంది. మైకు పట్టుకున్న సారు బోర్డు మీద 1991 అని రాసి కింద రెండు గీతలు గీస్తాడు.

"రాస్కోండ్రి. రూపాయి విలువ ఎన్నిసార్లు తగ్గించిన్రు? రెండుసార్లు. జూలై ఒకటి, జూలై మూడు. ఈ బిట్టు పోయినసారి వచ్చింది, ఈసారి గూడ వస్తది."

"సార్, మధ్యల రెండో తారీఖు ఏం జేసిన్రు?"

"అది సిలబస్‌ల లేదు."

సిలబస్‌లో లేనిదే అసలు కథ. మొదటి కోతకే గోల మొదలయ్యేసరికి ప్రధాని పి.వి.నరసింహారావుకు గుండె జారింది. రెండో కోత ఆపమన్నారు. ఆర్థికమంత్రి మన్మోహన్ సింగ్ రిజర్వు బ్యాంకుకు ఫోను చేశారు. అవతల డిప్యూటీ గవర్నర్ సి.రంగరాజన్. రెండో కోత అప్పటికే అయిపోయింది, దూకేశానని ఆయన జవాబు. దేశ ఆర్థిక చరిత్రలో ఇంత పెద్ద మలుపు ఒక ఫోను ఆలస్యంగా మోగడం వల్ల నిలిచిందన్నమాట. ఆ దూకిన రంగరాజన్‌గారు తర్వాత 1997 నుంచి 2003 దాకా మన రాజ్‌భవన్‌లోనే గవర్నరుగా ఉన్నారు. మన ఊళ్లో అంతకాలం ఉన్నా ఒక్క కోచింగ్ సెంటరువాడూ ఆయన్ను గెస్ట్ లెక్చరుకు పిలవలేదు. దూరదృష్టి లేకపోవడమంటే ఇదే.

ఇక మన్మోహన్ జాతకాన్ని మా రోడ్డు మీది ఫ్లెక్సీ పద్ధతిలో వేసి చూడండి. మా ఫ్లెక్సీల్లో ర్యాంకర్ల ముఖాలు తపాలా బిళ్లంత, డైరెక్టరుగారి ముఖం తలుపంత ఉంటుంది. ఈ ఒక్క ర్యాంకరుకు మాత్రం ఫ్లెక్సీ మొత్తం ఇచ్చినా చాలదు. కేంబ్రిడ్జిలో ఫస్ట్ క్లాసు, 1957. ఆక్స్‌ఫర్డ్ డాక్టరేటు, 1962. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ప్రొఫెసరు. 1972లో ప్రధాన ఆర్థిక సలహాదారు. తర్వాత ఆర్థిక శాఖ కార్యదర్శి. 1982లో రిజర్వు బ్యాంకు గవర్నరు. 1985లో ప్రణాళికా సంఘం ఉపాధ్యక్షుడు. ఆ తర్వాత జెనీవాలో సౌత్ కమిషన్. తిరిగొచ్చి చంద్రశేఖర్‌కు ఆర్థిక సలహాదారు, యూజీసీ అధ్యక్షుడు. 1991లో ఆర్థికమంత్రి, 2004లో ప్రధానమంత్రి. నోటు మీద సంతకం పెట్టిన చేత్తోనే ప్రధానిగా ప్రమాణపత్రం మీద సంతకం పెట్టినవాడు ఈ దేశంలో ఇంకొకడు లేడు.

ఇన్ని ఉద్యోగాలకు ఒక్క నోటిఫికేషనూ లేదు. ప్రిలిమ్స్ లేవు. పేపరు లీకవలేదు. మా పిల్లలు 2022 అక్టోబరులో గ్రూప్-1 ప్రిలిమ్స్ రాశారు, లీకైందని రద్దు చేశారు. 2023 జూన్‌లో మళ్లీ రాశారు, హైకోర్టు రద్దు చేసింది. 2024లో కొత్త నోటిఫికేషన్ ఇచ్చి మూడోసారి రాయించారు. మన్మోహన్‌కు ఇలాంటి అనుభవం ఒక్కటే. 1999లో దక్షిణ ఢిల్లీ నుంచి లోక్‌సభకు పోటీ చేశారు. విజయ్ కుమార్ మల్హోత్రా చేతిలో ఓడారు. ఆయన జీవితంలో తప్పిన పరీక్ష అదొక్కటే, ఐదేళ్లు తిరక్కుండా ఆ బడికే హెడ్మాస్టరయ్యారు. మా హాస్టళ్లలో ఎవరైనా ఢీలా పడితే ఈ ఉదాహరణ చెప్పడం మంచిది. వార్డెను వినకుండా చెప్పాలి. పరీక్ష తప్పినా పెద్ద పదవి వస్తుందని తెలిస్తే నెల ఫీజు కట్టేవాడుండడు.

ఆ ఆర్థికమంత్రి పదవి కూడా ముందు ఐ.జి.పటేల్‌ను అడిగితే ఆయన రానన్నారు. అప్పుడు తలుపు తట్టింది యూజీసీ ఆఫీసులో ఉన్న మన్మోహన్‌ది. ప్రధాని పదవికి కూడా అంతే, ముందు కుర్చీ పార్టీ అధ్యక్షురాలిది, ఆవిడ వద్దన్నాక ఈయనది. 2018లో ఆయనే నవ్వుతూ చెప్పుకున్నారు, నేను అనుకోకుండా అయిన ప్రధానినే కాదు, అనుకోకుండా అయిన ఆర్థికమంత్రిని కూడా అని. ఆ "యాక్సిడెంటల్" బిరుదు అతికించిన పుస్తకం రాసింది మన హైదరాబాదు మనిషే, సంజయ బారు. 2014 ఎన్నికల మధ్యలో మన్మోహన్ మీద అది తెచ్చాడు. 2016లో 1991 ఘనత పీవీదని ఇంకో పుస్తకం తెచ్చాడు. ఢిల్లీ, పీవీ ఊరు వంగర రెండూ చల్లగా ఉండాలని హైదరాబాదు కోరుకుంటుంది.

ఇప్పుడు బంగారం సంగతి. 1991లో దిగుమతులకు రెండు మూడు వారాలకు మించి డాలర్లు లేవు. చంద్రశేఖర్ ప్రభుత్వం మేలో 20 టన్నులు అమ్మింది. జూలైలో కొత్త ప్రభుత్వం దాదాపు 47 టన్నులు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌కు, బ్యాంక్ ఆఫ్ జపాన్‌కు కుదువబెట్టింది. దీన్నే పాఠ్యపుస్తకాలు చారిత్రక సంస్కరణలకు నాంది అంటాయి. మా కొత్తపేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా నడవండి, గోల్డ్ లోన్ బోర్డులు లెక్కపెట్టడం మీ తరం కాదు. పిల్లవాడి కోచింగ్ ఫీజుకు నల్లగొండ నుంచి వచ్చిన తల్లి అదే పని చేస్తుంది. పుస్తెలతాడు తీసి కౌంటరు మీద పెడుతుంది, అప్రైజరు గీటురాయి మీద రుద్ది, తూకం వేసి, చిన్న కాగితం మీద అంకె రాసి తిప్పి చూపిస్తాడు. ఆవిడ ఏమీ అనదు, తల ఊపుతుంది. ఆవిడ విషయంలో మాత్రం దీన్ని సంస్కరణ అని ఎవరూ అనరు. దేశం బంగారం విడిపించుకుంది, ఇంకా కొంది కూడా. ఆవిడది విడిపించాలంటే నోటిఫికేషన్ రావాలి.

ఆ నోటిఫికేషన్ ఎందుకు రాదో చెప్పే పాఠం కూడా ఆ క్లాసులోనే ఉంది. జూలై 24 నాటి బడ్జెట్టు, పారిశ్రామిక విధానాలతో పరిశ్రమలకు లైసెన్సుల సంకెళ్లు తెగాయి, విదేశీ పెట్టుబడికి దారి తెరుచుకుంది. ప్రభుత్వం తన చేతి సంచి తేలిక చేసుకోవడమూ అప్పుడే మొదలైంది. సంచి తేలికైన కొద్దీ సర్కారు కొలువులు తగ్గాయి. కొలువులు తగ్గిన కొద్దీ వాటి కోసం పోటీ పెరిగింది. పోటీ పెరిగిన కొద్దీ దిల్‌సుఖ్‌నగర్ పెరిగింది. ఒకప్పుడు తోటలూ ఖాళీ జాగాలూ ఉన్న ఈ ప్రాంతంలో ఇప్పుడు అంగుళం ఖాళీ ఉంటే ఆరు మంచాలు వేస్తారు. ప్రభుత్వ ఉద్యోగాన్ని తగ్గించిన మనిషి గురించి ప్రభుత్వ ఉద్యోగం కోసం చదవడం అనే ఈ వ్యాపారంలో డిమాండుకు ఎన్నడూ కొదవ లేదు. ఆ గొప్పతనం ఆయనదే. విగ్రహానికి చందాలు కోచింగ్ సెంటర్ల దగ్గర వసూలు చేస్తే కంచు ఎందుకు, వెండిదే పోయించవచ్చు.

పల్లెకు ఏం జరిగిందన్నది ఇంకో బిట్టు. అదే బడ్జెట్టులో ఎరువుల ధర 40 శాతం పెంచుతానన్నారు. సొంత పార్టీవాళ్లే గగ్గోలు పెడితే 30 శాతానికి దిగారు, చిన్న సన్నకారు రైతును మినహాయించారు. ఆ తర్వాత పదేళ్లలో బోర్లు, పురుగుమందులు, అప్పులు, ఆత్మహత్యలు. ఎల్బీనగర్ మీది నుంచి పోయే విజయవాడ రోడ్డు, సాగర్ రోడ్డు ఆ పల్లెలను తెచ్చి ఇక్కడే దింపాయి. అడ్డా మీద నిలబడే కూలీని ఏ ఊరని అడగండి, దేవరకొండో మునుగోడో చెబుతాడు. ఆ కూలీకి మన్మోహన్ బాకీ కొంత తీర్చారు కూడా, దాన్ని దాచి మాట్లాడితే వెటకారానికి విలువుండదు. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకాన్ని ఆయన మొదలుపెట్టింది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. 2008లో రైతుల అప్పులకు 60 వేల కోట్ల మాఫీ ప్రకటించారు. ఎరువుకు రాయితీ కోసిన చేయి, పార కొనుక్కోవడానికి కూలి ఇచ్చింది. మధ్యలో పదిహేనేళ్లు గడిచాయి. ఆ పదిహేనేళ్లను ఎవరి ఖాతాలో రాయాలో ఏ బడ్జెట్టు ప్రసంగంలోనూ ఉండదు.

ఆయన ప్రధానిగా ఉన్న కాలంలో ఖజానా తాళాలు దాదాపు తెలుగువాళ్ల దగ్గరే ఉన్నాయి. 2003 నుంచి 2008 దాకా వై.వి.రెడ్డి, ఆ తర్వాత 2013 దాకా దువ్వూరి సుబ్బారావు, ఇద్దరూ రిజర్వు బ్యాంకు గవర్నర్లు. అమెరికాలో బ్యాంకులు కూలిపోయిన 2008లో మన బ్యాంకులు నిలబడ్డాయంటే వై.వి.రెడ్డి మొండితనం ఒక కారణం. పై కుర్చీలో ఉన్నది గవర్నరు పని తెలిసిన మనిషి కావడం ఇంకో కారణమనుకోవాలి. ఇదంతా నిజం. ఈ నిజాన్ని ఆయన పదేళ్లు ఎవరికీ వినపడకుండా చెప్పారు.

ఆ గొంతు గురించే నాకు పేచీ. 2004 డిసెంబర్ 23న ఢిల్లీలో పీవీ చనిపోయారు. తనను రాజకీయాల్లోకి తెచ్చిన మనిషి. పార్థివదేహాన్ని మోసుకెళ్లిన వాహనం అక్బర్ రోడ్డు మీద కాంగ్రెస్ కార్యాలయం గేటు బయట ఆగింది. గేటు తెరవలేదు. అప్పటికి మన్మోహన్ ప్రధాని అయి ఏడు నెలలు. హైదరాబాదులో అంత్యక్రియలకు వచ్చారు, నివాళి అర్పించారు. దేశం గేట్లన్నీ తెరిచాడని పేరున్న మనిషికి ఆ ఒక్క గేటు గొళ్లెం అందలేదు. పందొమ్మిదేళ్ల తర్వాత పీవీకి భారతరత్న ఇచ్చింది ఎదుటి పార్టీ ప్రభుత్వం. ఇప్పుడు అదే కాంగ్రెస్ మన్మోహన్‌కు అడుగుతోంది, నిండు సభలో, తీర్మానంతో సహా. పోయినవాళ్లను గౌరవించడంలో కూడా పీవీ పోలిక వస్తుందని తెలిసినట్టుంది, ఈసారి ఆలస్యం చేయలేదు.

2013 సెప్టెంబరులో తన మంత్రివర్గం ఆమోదించిన ఆర్డినెన్సును తన పార్టీ ఉపాధ్యక్షుడే ప్రెస్‌క్లబ్బులో చించి పారేయాల్సిన చెత్త అన్నాడు. ప్రధాని అప్పుడు అమెరికాలో. విమానం ఎక్కి వచ్చారు, మంత్రివర్గాన్ని పిలిచి ఆర్డినెన్సును వాపసు తీసుకున్నారు. రాజీనామా ఊసెత్తలేదు. 2014 జనవరిలో మాత్రం పత్రికల కంటే చరిత్ర తన మీద దయ చూపుతుందని అన్నారు. చరిత్ర నిజంగానే దయ చూపింది. ఆయన తర్వాత వచ్చినవాళ్లు చరిత్రకు అందులో చాలా సాయం చేశారు. 2016లో నోట్లు రద్దయి కొత్తపేట ఏటీఎం ముందు జనం కొంగులు, తువ్వాళ్లు పరిచి జాగా పట్టుకున్న రోజుల్లో ఆయన రాజ్యసభలో లేచి, ఇది వ్యవస్థీకృత దోపిడీ అన్నారు. జీడీపీ దాదాపు రెండు శాతం మేర తగ్గిపోవచ్చని చెప్పారు. దానికి జవాబుగా ప్రధాని నరేంద్ర మోదీ, బాత్రూములో రెయిన్‌కోటు వేసుకుని స్నానం చేసే విద్య డాక్టర్ సాబ్‌కే తెలుసు అన్నారు. ఆర్థికవేత్త అంకె చెబితే పాలకుడు సామెత చెప్పాడు, సభ సామెతకే నవ్వింది. పదేళ్లు మాట్లాడాల్సినచోట మాట్లాడని మనిషి, చివరికి నోరు విప్పేసరికి వినేవాళ్లు లేరు.

ఎల్బీనగర్‌కు ఆ మౌనం ఖరీదు బాగా తెలుసు. 2009 నవంబర్ 29న, కేసీఆర్‌ను అలుగునూరు దగ్గర అరెస్టు చేసిన రోజే, ఎల్బీనగర్ చౌరస్తాలో తెలంగాణ కోసం శ్రీకాంతాచారి ఒంటికి నిప్పంటించుకున్నాడు. డిసెంబర్ 3న చనిపోయాడు. డిసెంబర్ 9 రాత్రి హోంమంత్రి చిదంబరం తెలంగాణ ప్రకటన చేశారు. 23న దాన్ని నీళ్లలో కలిపారు. ఆ తర్వాత ఢిల్లీ ఏం చేసింది? కమిటీ వేసింది. శ్రీకృష్ణ కమిటీ 2010 చివర నివేదిక ఇస్తూ ఆరు ఆప్షన్లు ఇచ్చింది. మా కోచింగ్ సెంటర్లలో ఏ ప్రశ్నకైనా నాలుగే ఆప్షన్లు. ఆరు ఆప్షన్ల ప్రశ్నపత్రం కనిపెట్టిన ఘనత ఆ ప్రభుత్వానిది. జవాబు ఎవరు గుర్తించాలో మాత్రం చెప్పలేదు. ఆ "కీ" విడుదల చేయడానికి ఇంకో మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లలో పోయిన పిల్లలకు గ్రేస్ మార్కులు లేవు.

2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో ప్రత్యక్ష ప్రసారం ఆపి తెలంగాణ బిల్లు గట్టెక్కించారు. 20న రాజ్యసభలో ప్రధాని స్వయంగా లేచి, కొత్త ఆంధ్రప్రదేశ్‌కు ఐదేళ్ల ప్రత్యేక హోదా ఇస్తామన్నారు. చట్టంలో రాయలేదు, నోటితో చెప్పారు. ఆయన నోటి నుంచి మాట రావడమే అపురూపమనుకుని అటువైపు వాళ్లు నమ్మేశారు. మే 26న ఆయన దిగిపోయారు. హోదా ఇవ్వలేకపోవడానికి కొత్త ప్రభుత్వం చూపిన కారణం 14వ ఆర్థిక సంఘం. దాని అధ్యక్షుడెవరు? వై.వి.రెడ్డి. ఒక ఆర్థికవేత్త చెప్పిన మాటను ఇంకో ఆర్థికవేత్త నివేదిక పేరు చెప్పి పక్కన పెట్టేశారు. మధ్యలో ఉన్న ఐదు కోట్ల మందికి ఎకనామిక్స్ అర్థమైంది అప్పుడే.

దిల్‌సుఖ్‌నగర్‌కు మాత్రం ఆయన ఒకసారి వచ్చారు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం కోణార్క్, వెంకటాద్రి థియేటర్ల దగ్గర సైకిళ్లకు కట్టిన బాంబులు పేలాయి. పరీక్షల కోసం ఊళ్లు వదిలి వచ్చిన పిల్లలు కూడా అందులో పోయారు. మూడు రోజుల తర్వాత, ఆదివారం, ప్రధాని వచ్చి ఆ చోటు చూశారు, ఆస్పత్రుల్లో గాయపడ్డవాళ్లను పరామర్శించారు. దీని మీద వెటకారానికి నా నోరు రాదు. ఒక్కటే అంటాను. ఇంతమంది పిల్లల కలలు అద్దెకుండే ఈ ప్రాంతానికి దేశ ప్రధాని రావాలంటే బాంబు పేలాలి.

పోనీ, విగ్రహాన్ని ఎల్బీనగర్ చౌరస్తాలో పెడదామంటే ఆ చౌరస్తాకు ఇప్పుడు శ్రీకాంతాచారి పేరు పెట్టారు. ఆ పేరు పక్కన ఈ విగ్రహం నిలబడితే బాగుంటుందా, బాగుండదా? నా మటుకు బాగుంటుందనే అంటాను. ఫైలు ఆలస్యం చేసినవాడు రోజూ పొద్దున ఆ పేరు చూస్తూ నిలబడాలి.

ఇంకో కారణం కూడా ఉంది. ఒకే పార్టీలో చివరిదాకా ఉన్న మనిషి ఎలా ఉంటాడో మా ఎల్బీనగర్ ఓటర్లకు చూపించాలి. ఎందుకంటే మాకు ఆ జాతి తెలియదు. 2014లో మేం తెలుగుదేశం గుర్తు మీద ఆర్.కృష్ణయ్యను గెలిపించాం. ఆ పార్టీ ముఖ్యమంత్రి అభ్యర్థి కూడా ఆయనే. 2018కి కాంగ్రెస్ తరఫున మిర్యాలగూడలో తేలారు. 2022లో వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున రాజ్యసభకు పోయారు. 2024లో దానికి రాజీనామా చేసి, బీజేపీ తరఫున అదే రాజ్యసభకు పోయారు. సీటు అదే, రంగు మారింది. 2018లో చేతి గుర్తుకు ఓటేసి దేవిరెడ్డి సుధీర్ రెడ్డిని గెలిపించాం. ఏడాది తిరక్కుండా పన్నెండు మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల జట్టుతో ఆయన కారెక్కారు. 2023లో కారు గుర్తు మీదే మళ్లీ గెలిపించాం, ఎందుకంటే మేం క్షమాగుణం కలవాళ్లం. లైసెన్సు రాజ్ రద్దయి సరుకు ఎల్లలు దాటి స్వేచ్ఛగా ప్రవహించడమంటే ఏమిటో మన్మోహన్ పుస్తకాల్లో చెప్పారు, మా నాయకులు చేసి చూపించారు. ఉదారీకరణ ఇంత లోతుగా దిగిన నియోజకవర్గం ఇంకోటి చూపండి.

మన్మోహన్ మాత్రం అస్సాం నుంచి రాజ్యసభలో ఇరవై ఎనిమిదేళ్లు కూర్చున్నారు. గువాహటిలో అద్దె ఇంటి చిరునామా మీద ఓటరు. ఉండేది ఢిల్లీలో. ఇందులో తప్పు పట్టడానికి మాకు హక్కు లేదు, మా హాస్టళ్లు నిండా అలాంటివాళ్లే. నిద్రపోయేది చైతన్యపురిలో, ఓటు నకిరేకల్‌లో.

అనుమతుల విషయం తేలికే. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు ముందు జాగా లేదు గానీ, లేని జాగాలో పనులు జరగడం ఇక్కడ అలవాటే. ఆవిష్కరణ శిలాఫలకం మీద పేర్లు పట్టకపోతే రెండు ఫలకాలు వేయండి. నెల తిరిగేసరికి ఆయన మెడ చుట్టూ తాడేసి బర్త్‌డే ఫ్లెక్సీ కడతారు. ఎన్నికల కోడ్ వస్తే ముసుగేస్తారు. ఆయన ఏమీ అనరు, అలవాటున్న మనిషే.

చివరగా మెట్రో. ఎల్బీనగర్ నుంచి మియాపూర్ దాకా 29 కిలోమీటర్లు. 2010లో ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యం పద్ధతిలో ఎల్ అండ్ టీతో ఒప్పందం కుదిరింది. ఖజానా బరువు ప్రైవేటు భుజం మీద పెట్టే ఆ పద్ధతి మన్మోహన్ కాలపు గారాలపట్టి. గిట్టుబాటు కావడానికి కేంద్రం 1,458 కోట్లు సర్దుతానంది. 2018 సెప్టెంబర్ 24న ఎల్బీనగర్‌లో రైలు కదిలింది. జనం బాగానే ఎక్కారు, నిలబడటానికి చోటు లేనంత. కంపెనీ మాత్రం నష్టమంది. 2025 మేలో గరిష్ఠ ఛార్జీ 60 నుంచి 75 చేశారు, జనం అరిస్తే 69కి తగ్గించారు. అదే ఏడాది సెప్టెంబరులో కంపెనీ తప్పుకోవడానికి, దాదాపు 13 వేల కోట్ల అప్పు రాష్ట్ర ప్రభుత్వం నెత్తిన వేసుకోవడానికి ఒప్పందం కుదిరింది. పైగా కంపెనీ వాటాకు ఇంకో రెండు వేల కోట్లు. ప్రైవేటు భుజం మీది నుంచి బరువు మళ్లీ ఖజానా మీదికి దిగింది, వడ్డీతో సహా. ఇందులో 'భాగస్వామ్యం' ఏ భాగమో గ్రూప్-1 మెయిన్స్‌లో అడిగితే మా పిల్లలు పది పేజీలు రాస్తారు, రోజూ ఆ రైల్లోనే నిలబడి వస్తున్నారు కదా.

రెండో దశలో ఎల్బీనగర్ నుంచి హయత్‌నగర్ దాకా ఏడు కిలోమీటర్లు పొడిగిస్తామన్నారు. నాగోల్ నుంచి మా మీదుగా శంషాబాద్ విమానాశ్రయానికి ఇంకో లైను కూడా. 2024 అక్టోబరులో రాష్ట్ర మంత్రివర్గం సరేనని ఫైలును ఢిల్లీ పంపింది, ఖర్చులో కేంద్రం కూడా భాగస్వామి కావాలని అడుగుతూ. ఏడాది గడిచినా ఆమోదం రాలేదు. ఢిల్లీలో ఇప్పుడు మాట్లాడని ప్రధాని లేరు. ఫైలే మాట్లాడటం లేదు.